నాలుగో గొట్టంలో పురుడు

రోజు 1

ఈ దినచర్య ప్రతిరోజూ రాయాలట. పై ఆఫీసు నియమం. రాసింది ఎవరూ చదవకూడదన్నది కూడా పై ఆఫీసు నియమమే, కాకపోతే దాన్ని కాగితం మీద పెట్టలేదు. అందుకని నాకు తోచినట్టు రాస్తాను.

పేరు మద్దిల సన్యాసిరావు. వయసు నలభై ఏడు. మూడో కట్టకు ప్రాణుల పరిశీలకుణ్ణి. అయిదేళ్ళ కిందటిదాకా ఇదే కట్ట మీద ఇసుకబస్తాలు మోశాను. సముద్రం అటువైపు, మేం ఇటువైపు, మధ్యలో కట్ట. కట్ట కిందనుంచి ఊరే నీళ్ళను నాలుగు పంపులు రాత్రింబగళ్ళు తోడి అవతల పోస్తుంటాయి. పంపు ఆగితే దిగువ వీధిలో మంచాలు తేలతాయి. మా ఇల్లు దిగువ వీధిలోనే.

ఇవాళ పడవలో వెన్నుపెట్టె దిగింది. దూడ పట్టేంత పెట్టె, ముందొక తలుపు, పైన రెండు దీపాలు. జంతువును లోపల పెట్టి మీట నొక్కాలి. ఒంట్లో వెన్నెముక కనిపిస్తే పచ్చదీపం. కనిపించకపోతే ఎర్రదీపం. పచ్చ వస్తే కార్డు ఇస్తాం, రోజుకు గుప్పెడు మేత ఇస్తాం, దాన్నిక ఎవరూ కోయకూడదు. ఎర్ర వస్తే అది సరుకు. సరుకును ఎవరైనా వండుకోవచ్చు, లేదా మిల్లుకు తోలొచ్చు. మిల్లువాళ్ళు రుబ్బి బిళ్ళలు చేస్తారు. టూకీగా కొత్త చట్టం ఇంతే. వెన్నెముక ఉంటే పౌరుడు, లేకపోతే కూర.

మిగిలిన నేల ఇంతే, మిగిలిన మేత ఇంతే, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదన్నారు. గీసినవాళ్ళు తమకు ఏది ఉందో చూసుకుని అక్కడ గీశారు.

ముఖ్య పరిశీలకులు భానోజీగారు ఎగువ కట్టనుంచి వచ్చి రిబ్బను కోశారు. ముందు ఆయన్నే పెట్టెలో కూర్చోబెట్టి వెన్నెముక ఉందో లేదో చూడండని జనం మొదలెట్టారు. పదిగంటలలోపే ఆ జోకు పదకొండుసార్లు విన్నాను. ఒక్కసారి ఇక్కడ రాసేసి దాని ఊసు వదిలేస్తున్నాను. ఇకమీదట ఆయన పేరు పక్కన గారు కూడా రాయను. సిరా తక్కువగా ఉంది.

రోజు 2

కోడి, పచ్చ. మేక, పచ్చ. కప్ప, పచ్చ. పసిరిక పాము, పచ్చ. అది పచ్చ కాకపోతే ఇంకేది పచ్చ, ఒళ్ళంతా వెన్నెముకే. కార్డు ఇచ్చిన పది నిమిషాలకు ఆఫీసు చూరులోకి పాకింది. ఇప్పుడు అది పౌరుడు కాబట్టి కర్ర తీసుకుని తరమడానికి లేదు. నేను కుర్చీ జరుపుకున్నాను.

తాబేలును ఒకతను కూర ఆశతో తెచ్చాడు. డిప్ప ఉంది కాబట్టి పీత జాతే అన్నాడు. పెట్టె పచ్చదీపం వెలిగించింది. తాబేలు వెన్నెముక డిప్పకే లోపలివైపు అతుక్కుని ఉంటుందని నేను చెబితే, ఇంత మోసమా అన్నట్టు తాబేలు వంక చూశాడు.

మధ్యాహ్నం మా వీధి అప్పలకొండ తాత బతికున్న పీతను పట్టుకొచ్చాడు. ఎర్రదీపం వచ్చింది.

"ఇదేం నాయం బావూ? దీనికి ఒంటినిండా ఎముకే కదా. నీకైతే లోపలెక్కడో దాక్కున్నాది. దీనిది అందరికీ కనపడతన్నాది."

"అది ఎముక కాదు తాతా, పెంకు. మన గుడారానికి మధ్యలో గుంజ ఉంటుంది చూడు, అది వెన్నెముక. పీతకు గుంజ లేదు, చుట్టూ రేకు ఉంది. రేకు పెరగదు. అందుకే పెద్దయ్యేకొద్దీ పాతది విప్పేసి కొత్తది వేసుకుంటుంది."

"మరి ఇప్పీసినప్పుడు సచ్చిపోదు కదా. గుంజ తీసీసి నువ్వు బతుకు సూద్దాం."

తాత పీతను తీసుకుపోయాడు. సాయంత్రం పులుసులోంచి ఒక కాలు నాకు పంపించాడు. బాగుంది.

రోజు 4

తలనొప్పి. వలలో పడ్డ సొరపిల్లను పెట్టెలో పెడితే ఎర్రదీపం వచ్చింది. సొర అంటే చేప, చేపకు వెన్నెముక ఉంటుంది. కానీ సొరకు ఒంట్లో ఉన్నదంతా మన చెవిలో, ముక్కు కొసలో ఉండేలాంటి మెత్తెముక. ఈ పెట్టె వెతికేది తెల్లగా, గట్టిగా కనిపించే పట్టీ కోసం. మెత్తెముక దాని కంటికి ఆనలేదు.

ఆ వెనకే కటిల్ చేప వచ్చింది. పేరుకే చేప, అది ఆక్టోపస్‌కు దాయాది. వెన్నెముక ఆనవాలు కూడా లేని జీవి. కానీ దాని వీపులో తెల్లటి పలక ఒకటి ఉంటుంది. సముద్రపు నురుగని చెవిమందుకు అరగదీసేవాళ్ళే, అదే. పూసలు లేవు, కీళ్ళు లేవు, లోపలినుంచి నరం పోదు. తేలడానికి పెట్టుకున్న బెండు అది. పెట్టె దాన్ని చూసి పొంగిపోయి పచ్చదీపం వెలిగించింది.

భానోజీకి ఫోన్ చేశాను.

"ఏమయ్యా సన్యాసిరావ్, నీకు పెట్టె ఎందుకిచ్చాం?"

"చూడ్డానికండి."

"చూసింది కదా. పెట్టె చెప్పిందే చట్టం. ఒక్క దీపం తప్పని నువ్వు రాశావంటే ఇప్పటిదాకా ఇచ్చిన కార్డులన్నీ తప్పవుతాయి. మా ఇంట్లో పిల్లి కార్డుతో సహా."

సొర కూరైపోయింది. కటిల్ చేపకు కార్డు రాశాను. ఫొటో మూడుసార్లు తీస్తే మూడుసార్లూ మూడు రంగుల్లో పడింది. కార్డులో రంగు అన్నచోట 'అడిగినప్పుడల్లా' అని నింపాను.

రోజు 6

నాలుగో పంపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ పనిచేసే గరగల నూకాలును కట్ట మీద అందరూ నూకాలప్ప అంటారు. అరవై దాటింది. ఆవిడ మాట్లాడితే తిట్టినట్టుంటుంది, తిడితే మాట్లాడినట్టుంటుంది.

నాలుగో పంపుకు ఒక వంకర గొట్టం ఉంది. పాతకాలం గొట్టం, మూడు మలుపులు, లోపల ఎవరి చెయ్యీ పట్టదు. అందులో జెల్లీఫిష్‌లు ఇరుక్కుంటాయి, గుల్లలు పట్టేస్తాయి. దాన్ని శుభ్రం చేసేది సింగారి. సింగారి ఆక్టోపస్. పరిచినప్పుడు చాపంత ఉంటుంది, నిమ్మకాయంత కన్నంలోంచి దూరిపోతుంది. ముక్కు ఒక్కటే గట్టిది, చిలకముక్కులా ఉంటుంది. అది పట్టే కన్నం అయితే చాలు, మిగతా ఒళ్ళంతా దాని వెనకే జారిపోతుంది.

పద్ధతి ప్రకారం నడుస్తుంది ఇక్కడ. పొద్దున్నే నూకాలప్ప ఒక ఇత్తడి బిళ్ళ నీళ్ళలో పెడుతుంది. సింగారి దాన్ని తీసుకుని గొట్టం మూతి పక్కనున్న కొక్కేనికి తగిలించి లోపలికి పోతుంది. అది హాజరు. పని అయ్యాక బిళ్ళ తీసి నూకాలప్ప చేతిలో పెడుతుంది. అప్పుడు పీత ఇవ్వాలి. ఇవ్వడం ఆలస్యమైతే మొహం మీద నీళ్ళు చిమ్ముతుంది. నామీద ఊరికే చిమ్మింది.

"కొత్తోడివని సూత్తన్నాదిలే" అంది నూకాలప్ప. "ఇది నాకు ఆరోది. ఏడాదిన్నరయినాది వొచ్చి. ఇలాటి పనిమంతురాలు నేదు."

"కార్డు రాదప్పా దీనికి. ఎముక ముక్క కూడా లేదు."

"ఎముకుంటే ఆ గొట్టంలో దూరగలదేటి? నువ్వు దూరు, సూద్దాం."

రోజు 7

ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ ఆవరణల్లో ఉన్న వెన్నెముక లేని ప్రాణులన్నిటినీ పద్నాలుగో రోజుకల్లా మిల్లుకు అప్పగించాలి. జాబితాలో మూడో కట్ట కింద ఒకే ఒక్క పేరుంది. ఆక్టోపస్, ఒకటి, నాలుగో పంపు. గొట్టం ఎవరు శుభ్రం చేయాలో అందులో లేదు. మిల్లుకు ఏ సరుకు కదలాలన్నా స్థానిక పరిశీలకుడి సంతకం కావాలి. అంటే నాది.

వెళ్ళి నూకాలప్పకు చదివి వినిపించాను. ఏడుస్తుందేమోనని రుమాలు కూడా తీసుకెళ్ళాను. ఆవిడ నన్నూ, మిల్లునూ, భానోజీ పిల్లినీ వరసపెట్టి తిట్టి, ఆ రుమాలుతో సింగారి తొట్టి అంచు తుడిచింది.

"నువ్వేటి సేత్తావు?" అంది చివరికి.

"నేనేం చేయగలనప్పా?"

"నీ వీపులో ఉన్నదేటి? రబ్బరే కదా. ఎముకలోడిలాగ మాటాడతావేటి?"

నిజమే. బస్తాలు మోసి మోసి నా నడుం పోయింది. కట్టమీద చాలామందికి పోయింది. ఆసుపత్రిలో నా వెన్నుపూసలు తీసేసి మెడనుంచి తుంటిదాకా రబ్బరు కడ్డీ వేశారు. బాగానే పనిచేస్తుంది. చలికాలం కాస్త బిగుసుకుంటుంది, అంతే. ఆవిడ అలా మొహంమీద అనేసరికి నాకు ఒళ్ళు మండింది. రుమాలు కూడా అడగకుండా ఇంటికొచ్చేశాను.

రోజు 9

నూకాలప్పే ఉపాయం ఆలోచించింది. పెట్టెకు కావలసింది తెల్లటి పలక అయినప్పుడు, ఒక కటిల్ చేప పలకను సింగారి ఒళ్ళో పెట్టి లోపల కూర్చోబెడితే సరి. పచ్చదీపం వస్తుంది, కార్డు వస్తుంది, జాబితాలోంచి పేరు పోతుంది. ఒడ్డున పలకలకు కొదవా? నేను పరిశీలకుణ్ణి, ఇలాంటివి వినకూడదు. వినలేదు. పెట్టె తలుపు మాత్రం తెరిచి ఉంచాను.

బకెట్టులో సముద్రపు నీళ్ళు, అందులో సింగారి, దాని చేతికి పలక. తలుపు వేసి మీట నొక్కాను. ఎర్రదీపం. తెరిచి చూస్తే పలక తలుపు గొళ్ళేనికి వేలాడుతోంది.

మళ్ళీ ఇచ్చాం. ఈసారి పెట్టె లోపలి మేకుకు వేలాడింది. మూడోసారి తలుపు వేసే లోపలే ఒక చెయ్యి బయటికొచ్చి, ఆ పలకను నా చొక్కా గుండీకి తగిలించి, పీత కోసం చాపుకుని నిలబడింది.

తప్పు నూకాలప్పది. పలక జారిపోకుండా దారంతో కడదామని దానికి చిల్లు పెట్టింది. చిల్లున్న గట్టి బిళ్ళ చేతికొస్తే ఎక్కడో ఒకచోట తగిలించాలని ఏడాదిన్నరగా సింగారికి నేర్పింది కూడా ఆవిడే. నాలుగోసారి చిల్లు లేని పలక ఇచ్చాం. కొరికి పొడి చేసి బకెట్టు అడుగున పరిచింది.

"ఇంత నియ్యతైన ఉద్యోగి మీ ఆపీసులో ఒక్కడున్నాడేటి?" అంది నూకాలప్ప. నేను గుండీకున్న పలకను విప్పుకుంటూ ఉన్నాను.

రోజు 11

సింగారి పనిలోకి రాలేదు. నిన్న బిళ్ళ తగిలించి గొట్టంలోకి పోయింది, బయటికి రాలేదు. కొక్కేనికి బిళ్ళ అలాగే ఉంది. నూకాలప్ప పంపు ఆపేసి నన్ను పిలిపించింది.

రెండో మలుపులో అద్దం బిగించిన చిన్న కన్నం ఉంది, లోపల చూడ్డానికి. దీపం పెట్టి చూశాను. గొట్టం పైకప్పునుంచి తెల్లటి గింజల దండలు వేలాడుతున్నాయి, మాల కట్టిన మల్లెమొగ్గల్లా. వందలు, వేలు. వాటి కింద సింగారి, రంగు వెలిసి, తన ఒంటికున్న చిన్న గొట్టంతో నీళ్ళు ఊదుతూ, ఒక్కొక్క దండనూ తుడుస్తూ. పీత వేస్తే తోసేసింది.

"ఇంకేటీ తినదు" అంది నూకాలప్ప. "పిల్లలు బయటికొచ్చేదాకా తినదు. నెల్రోజులు. ఆ తరవాత పోద్ది. ఈటికంతే, ఒక్కటే పురుడు."

"ముందువి కూడా ఇంతేనా?"

"అయ్యన్నీ ఈడు రాగానే నన్నొగ్గీసి సముద్రంలోకి ఎల్పోనాయి. ఇదొక్కటే ఇక్కడ పెట్టినాది."

ఆవిడ వెళ్ళి రెండు వేపమండలు విరిచి తెచ్చింది. మా దిగువ వీధిలో పురుడు వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ మండలు ఉన్నన్ని రోజులూ ఆ ఇంటివాళ్ళను ఎవరూ పనికి పిలవరు, తలుపు తట్టి ఏదీ అడగరు, అప్పటికే తగాదా ఉంటే దాన్ని కూడా పక్కన పెడతారు. నూకాలప్ప ఆ మండలను నాలుగో గొట్టం మూతికి కట్టింది.

రోజు 13

పోటుకు దిగువ వీధిలో చీలమండల లోతు నీళ్ళు. పంపు తిప్పితే గుడ్లన్నీ పీల్చుకుపోతాయి, తిప్పకపోతే ఇది. జనం కోపంగా పంపు దగ్గరికి వచ్చారు. నేను తప్పుకోవడానికి దారి చూసుకుంటున్నాను. ముందు వచ్చినవాళ్ళు వేపమండలు చూసి ఆగిపోయారు.

"ఎవులికి?" అని అడిగాడు అప్పలకొండ తాత.

"సింగారికి" అంది నూకాలప్ప.

వరసగా అందరూ అద్దంలోంచి చూశారు. తాత అందరికన్నా ఎక్కువసేపు చూశాడు. తర్వాత ఇళ్ళకు పోయి మంచాల కింద ఇటుకలు పెట్టుకున్నారు. సాయంత్రానికి ఆడవాళ్ళు కాయం ఉండ చేసి తెచ్చారు, బాలింతకని. ఆక్టోపస్ కాయం తినదని నేనంటే, నీకేం తెలుసు మగాడివి అన్నారు. రాత్రి అది నూకాలప్ప తింది. నడుంనొప్పి తగ్గిందట.

రోజు 14

భానోజీ వచ్చాడు, మిల్లు బండి వెంటబెట్టుకుని. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలో నడుస్తూ వచ్చాడు కాబట్టి వచ్చేటప్పటికే చిరాకుగా ఉన్నాడు.

"ఎక్కడుంది సరుకు?"

"గొట్టంలోనండి."

"బయటికి తియ్యి."

"చెయ్యి పట్టదండి."

"మనిషిని పంపు."

"వెన్నెముక ఉన్నది ఏదీ ఆ మలుపు తిరగలేదండి. లేనిదాన్ని పంపాలి. లేనిదాన్ని పనిలో పెట్టుకోకూడదని మీ ఉత్తర్వు."

భానోజీ దీన్ని రెండుసార్లు లోలోపల చదువుకున్నాడు. గొట్టం కోయిస్తానన్నాడు, కోస్తే కట్ట కిందనుంచి సముద్రం వస్తుందని నూకాలప్ప చెప్పింది. అప్పుడు ఆయనకు ఇంకో మార్గం తోచింది. గొట్టంలోకి మంచినీళ్ళు వదలడం. ఉప్పునీటి జీవి మంచినీళ్ళలో ఉండలేదు, తనే బయటికొస్తుంది.

"రాదు" అంది నూకాలప్ప. "గుడ్లనొగ్గి రాదు. లోపలే సచ్చిపోద్ది. గుడ్లూ కుళ్ళిపోతాయి."

"వస్తే మిల్లుకి, పోతే కాలవకి. పంపు తిరగడం ముఖ్యం. ఇంత వీధి మునుగుతోంటే మీకు పట్టదా?"

ఆ మాట తప్పు కాదు. అదే నాకు మింగుడు పడలేదు. మంచినీళ్ళు వదిలే కాగితం నా ముందు పెట్టాడు. రేపు పొద్దున్నకల్లా సంతకం కావాలన్నాడు. నేను పెట్టనంటే నా బదులు ఆయన పెట్టొచ్చు. నేను సెలవు పెట్టినా, చచ్చిపోయినా ఆయన పెట్టొచ్చు. చట్టం మొత్తం చదివాను. నాకు భయం వేస్తోంది. ఎందుకో రేపు రాస్తాను.

రోజు 15

పొద్దున్నే పెట్టె దగ్గరికి వెళ్ళాను. భానోజీ ఉన్నాడు, మిల్లు బండివాడున్నాడు, నూకాలప్ప ఉంది, సగం వీధి ఉంది. చొక్కా విప్పి పెట్టెలోకి పాకి కూర్చున్నాను. లోపల మేకవాసన. తాత చేత మీట నొక్కించాను.

ఎర్రదీపం.

భానోజీ మొహం కూడా కాస్త అదే రంగుకు వచ్చింది. "ఏమిటీ వేషాలు? దిగు. అది తప్పు."

"పెట్టె చెప్పిందే చట్టమండి. ఒక్క దీపం తప్పని రాస్తే అన్ని కార్డులూ పోతాయి."

పరిశీలకుడు రాకపోతే ఏం చేయాలో చట్టంలో ఉంది. చస్తే ఏం చేయాలో ఉంది. సరుకైపోతే ఏం చేయాలో లేదు. పోస్టు మొదటినుంచీ అనర్హుడి చేతిలో ఉన్నట్టు లెక్క. అందుకని మళ్ళీ మొదటినుంచి ప్రకటన వేయాలి. ప్రకటనకు నలభై రోజులు. ఈలోపు మంచినీళ్ళ కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు లేరు, మూడో కట్టనుంచి ఏ సరుకూ కదలదు. ఆక్టోపస్ కదలదు, నేనూ కదలను. మిల్లు బండివాడు నన్ను ఎగాదిగా చూసి, ఖాళీ బండి తోలుకుని పోయాడు.

నా రేషన్ కార్డు అక్కడికక్కడే తీసుకున్నారు. ఈ పుస్తకం తీసుకోవడం మర్చిపోయారు. ఇంకో సంగతి నాకు ఇంటికొచ్చాక వెలిగింది. సరుకును ఎవరైనా వండుకోవచ్చు. చట్టప్రకారం దిగువ వీధిలో ప్రతి ఇంటికీ నామీద హక్కుంది. అప్పలకొండ తాత వచ్చి నా జబ్బ నొక్కి చూశాడు.

"ముదురు బావూ. ఉడకవు" అని, వాళ్ళింటికి భోజనానికి తీసుకెళ్ళాడు.

రోజు 24

వంతులవారీగా తింటున్నాను. ఏ ఇంట్లో చూసినా రొయ్యే. ఇటుకలు సరిపోక మంచాలు ఇప్పుడు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. ఎవరూ సింగారిని ఏమీ అనడం లేదు, అన్నీ నన్నే అంటున్నారు. అది బాలింత, నేను సరుకు.

నడుం పట్టేసింది, నీళ్ళలో తిరగడం వల్ల. రోజూ వెళ్ళి అద్దంలో చూస్తాను. సింగారి సగమైపోయింది. కళ్ళమీద తెల్లటి పొర వచ్చింది. అయినా దండలు తుడవడం ఆపలేదు. గింజల్లో ఇప్పుడు రెండేసి నల్లచుక్కలు కనిపిస్తున్నాయి. కళ్ళట.

ఇవాళ భానోజీ ఒంటరిగా వచ్చాడు. బండి లేదు. ఒక కాగితం తీశాడు. ఎర్రదీపం నా విషయంలో మాత్రమే పొరపాటని నేను ఒప్పుకుంటూ సంతకం పెడితే, కార్డూ ఉద్యోగమూ వెనక్కి ఇస్తారు. కింద రెండో కాగితం ఉంది. నేను దాన్ని గుర్తుపట్టాను. మంచినీళ్ళది.

నిజంగానే ఆశపడ్డానని ఒప్పుకుంటున్నాను. కార్డు లేని మనిషి బతుకు ఎలా ఉంటుందో ఈ తొమ్మిది రోజుల్లో తెలిసింది. వంతు ఇంట్లో రెండో ముద్ద అడగడానికి నోరు రాదు. కలం చేతిలోకి కూడా తీసుకున్నాను.

"సరుకు సంతకం చెల్లదు కదండి" అన్నాను.

భానోజీ కాగితాలు రెండూ తిరగేసి చూశాడు. పాపం, నిజంగానే దానికి దారి వెతికాడు. దొరకలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఎలాగూ వచ్చాను కదా అన్నట్టు అద్దం దగ్గర వంగాడు.

"ఎన్నాళ్ళయింది తిని?"

"రెండువారాలండి."

"ఏమీ తినదా?"

"తినదండి."

ఆయన ప్యాంటు ఇంకో మడత మడుచుకుని నీళ్ళలో నడుచుకుంటూ పోయాడు.

రోజు 43

తెల్లవారుతూనే నూకాలప్ప కేక. వెళ్ళేసరికి గొట్టం లోపల నీళ్ళు కదులుతున్నాయి. దండలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. సింగారి నీళ్ళు ఊదుతోంది, పగిలిన ప్రతి గింజలోంచీ ఒక పిల్ల ఎగిరి బయటపడుతోంది. బియ్యపు గింజంత. దానికి ఎనిమిది చేతులు, రెండు కళ్ళు. ఒంట్లో ఎక్కడా గుంజ లేదు, రేకు లేదు, పలక లేదు. అవతలివైపు మూత తెరిచాం. వేలకు వేలు సముద్రంలోకి పోయాయి. వీధి మొత్తం కట్టెక్కి చూసింది, అంత చిన్నవాటిని చూడ్డానికి ఏముందో, ఎవరూ దిగలేదు.

చివరి దండ ఖాళీ అయ్యాక కూడా సింగారి కాసేపు ఊదుతూనే ఉంది. తర్వాత ఆగింది. నేను ఏడ్చాను. సరుకు ఏడవకూడదని చట్టంలో లేదు.

రోజు 44

నూకాలప్ప గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి పిలిచింది. సింగారి తనంతట రాలేదు, ప్రవాహానికి దాని ఒళ్ళు కొట్టుకొచ్చింది. బరువు లేదు. ఆవిడ దాన్ని తన పాత నేతచీర ముక్కలో చుట్టింది. చట్టప్రకారం సరుకును ఎవరైనా వండుకోవచ్చు. ఎవరూ గిన్నె తేలేదు. కట్ట అవతల సముద్రంలో వదిలాం. చేపలు తింటాయి. వాటన్నిటికీ కార్డులున్నాయి, అయినా వాటి ఆకలి తీరదు.

పంపు తిప్పాం. మధ్యాహ్నానికి వీధిలో నీళ్ళు లాగేశాయి.

రోజు 46

భానోజీ వచ్చాడు. నా పోస్టుకు ప్రకటన అతికించడానికి వచ్చానన్నాడు. ప్రకటనేదీ చేతిలో లేదు. ఎండగా ఉంది, ఆకలితో ఉన్నాడు. ఆఫీసర్లు దిగువ వీధికి వస్తే రొయ్యల ఇగురు పెట్టడం ఆనవాయితీ. నేను వంతు భోజనానికి కూర్చున్న నూకాలప్ప ఇంటి ముందు ఆగి, వాసన రాకపోయేసరికి లోపలికి చూశాడు. పక్కింట్లోకీ చూశాడు. ఏ పొయ్యి మీదా రొయ్య లేదు, పీత లేదు. వీధి పొడుగునా చింతపండు చారు కాగుతోంది, అదీ తాలింపు లేకుండా.

"ఏమిటివాళ మీ వీధిలో?"

"మైలండి. పదకొండు రోజులు నీసు ముట్టం" అంది నూకాలప్ప.

"అయ్యో. ఎవరు పోయారు?"

ఆవిడ విస్తరి వేస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"మావోళ్ళేనండి."

భానోజీ నాలుగో పంపు వైపు ఒకసారి చూశాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి, నా పక్కన కింద కూర్చున్నాడు. చారు చాలా చప్పగా ఉంది. ఇద్దరం తిన్నాం. కాసేపటికి ఆయన ఇంకొంచెం పొయ్యమన్నాడు.